శ్రీనాథుని చాటువులలో ప్రయాణం, భోజనం, సంసారం

చాటువు అంటే ప్రియమైన మాట అని అర్థం. సందర్భాన్ని బట్టి కవి నోట ఆశువుగా వెలువడి, ఏ కావ్యంలోనూ చేరక, ప్రజల నాలుకలపై నిలిచిన విడి పద్యాన్ని తెలుగువారు చాటువు అన్నారు. పొగడ్త, నింద, విన్నపం, వేడుక మొదలైనవన్నీ చాటువుకు వస్తువులే. తెలుగు చాటుకవులలో అగ్రగణ్యుడు శ్రీనాథుడు. ఆయన పేర వినిపించే ప్రతి పద్యమూ ఆయనదేనని నిర్ధారించడానికి ఆధారాలు చాలవు. అయినప్పటికీ, ప్రజలు వాటిని ఆయన జీవితంతో ముడివేసి తరతరాలుగా చెప్పుకొంటున్నారు. వేటూరి ప్రభాకరశాస్త్రి తన 'చాటుపద్య మణిమంజరి'లో ఇటువంటి పద్యాలను సేకరించి కాపాడారు.

కొండవీటిని పాలించిన పెదకోమటి వేమారెడ్డి (1402-1420) ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారి. శృంగార నైషధం, హరవిలాసం, భీమఖండం, కాశీఖండం వంటి ప్రౌఢకావ్యాలు రచించిన మహాకవి. రాజవైభవం అనుభవించిన ఆయనకు కొండవీటి రెడ్డిరాజ్యం అస్తమించడంతో ఆశ్రయం వెదకుకొంటూ ఊరూరా తిరగవలసివచ్చింది. సన్నబియ్యపు అన్నానికి అలవాటుపడిన నాలుకకు ఏ ఊరిలో ఏది దొరికితే అదే భోజనమైంది. ఈ అవస్థలోనుంచి పుట్టినదే చాటువులలోని హాస్యం.

పల్నాటి ప్రయాణాన్ని తలచే చాటువులు సుప్రసిద్ధాలు. వాటిలో ఒకటి చిన్న ఆటవెలది. అందులో కవి ఆ సీమలోని రాళ్ళు, చిల్లర దేవుళ్ళు, నాగులేటి నీరు, నాపరాళ్ళు, సజ్జ జొన్న అన్నాలు, పాములు, తేళ్ళు వరుసగా లెక్కపెడతాడు. వ్యాఖ్యానమేదీ లేదు, జాబితాయే నవ్వు పుట్టిస్తుంది. మరొక పద్యంలో, ఆ నేలకు వస్తే రంభ అయినా ఏకులు వడకవలసిందే, రాజయినా నాగలి పట్టవలసిందే, మన్మథుడయినా జొన్నకూడు తినవలసిందే అని చమత్కరిస్తాడు.

అక్కడితో ఆగక శ్రీకృష్ణుణ్ణే పందానికి పిలుస్తాడు. పూతన విషం తాగినందుకు, దావాగ్ని మింగినందుకు గర్వించవద్దనీ, చింతచిగురుతో వండిన బచ్చలికూర కలిపి జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపమనీ సవాలు చేస్తాడు. ఆ పద్యం ఉత్పలమాల. చింతచిగురు కూడా అందులో సంస్కృత సమాసంగా మారి గంభీరంగా కూర్చుంటుంది. రాజులను కీర్తించవలసిన ఛందస్సు పేదవాని పళ్ళెంలోని కూరకు దక్కడమే ఇక్కడి చమత్కారం.

కర్ణాట దేశయాత్రలో కష్టం మరొక విధమైనది. ప్రౌఢదేవరాయల దర్శనం కోసం వేచి ఉన్న కవి, తలకు కుల్లాయి పెట్టి, ఒంటికి పెద్ద అంగీ తొడిగి, వెల్లుల్లీ నువ్వుపిండీ తిని, చల్ల కలిపిన అంబలి తాగానని కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకొంటాడు. ఇక్కడ నవ్వులపాలయింది పరదేశపు వేషం, ఆహారం కావు; పొట్టకూటికై వేషం మార్చుకొన్న పండితుడు.

సంసారమూ ఆయన హాస్యానికి అందకపోలేదు. దాహంతో అలమటించిన సమయంలో చెప్పాడనే కందపద్యంలో కవి పరమశివుణ్ణి నిలదీస్తాడు. సిరిగలవాడు పదహారువేలమందిని పెండ్లాడినా చెల్లుతుంది గాని, తిరిపెమెత్తి బ్రతికేవానికి ఇద్దరు భార్యలెందుకు? పార్వతి చాలు, గంగను వదలమంటాడు. దేవుని కాపురంలో తగవు తీర్చే పెద్దమనిషిలా మాట్లాడుతూ తనకు కావలసిన నీళ్ళు అడగడం ఇందులోని నేర్పు. మరొక పద్యంలో పురోహితుని ఇల్లు కనబడుతుంది. దోసెడంత కొంప, పశువుల తొక్కిడి, పసిపిల్లలు, మాసిన గుడ్డలు, వంటకుండలు, కట్టెలు అన్నీ ఒక్కచోటనే. అక్కడి ఇరుకు పాఠకునికి ఊపిరాడనివ్వదు.

ఈ పద్యాలను చదివేటప్పుడు ఒక ప్రశ్న తప్పదు. పేదల తిండిని చూసి నవ్వడం తగునా? పల్నాటివారు రుచి తెలియక జొన్న తినలేదు. నీరు లేని నేల ఇచ్చిన పంట అది. శ్రీనాథుడు వరిపొలాలకు అలవాటుపడిన అతిథి. ఆయన మాట అతిథి సణుగుడే గాని ఆ సీమకు తీర్పు కాదు. ఆ పల్నాటి వీరుల శౌర్యాన్ని కీర్తించిన ద్విపద కావ్యం 'పల్నాటి వీరచరిత్ర' కూడా ఆయన పేరనే నిలిచి ఉంది. నాలుక ఒప్పుకోని నేలను హృదయం గౌరవించిందన్నమాట.

కాలం కూడా ఆ చాటువులకు బదులు చెప్పింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత పల్నాటిలో వరి పండింది. కవి ఏవగించుకొన్న ఆ రాతినేలలోని సున్నపురాయి పిడుగురాళ్ళకు జీవనాధారమైంది. జొన్న, సజ్జల పోషకవిలువను గుర్తించి ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

శ్రీనాథుని చివరి చాటువులు ఆ హాస్యం విలువను తెలుపుతాయి. వార్ధక్యంలో ఆయన బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకొన్నాడనీ, కృష్ణ వరదకు పంట పోయిందనీ, ఏడువందల టంకాల పన్ను చెల్లించలేక ఎండలో శిక్ష అనుభవించాడనీ పద్యాలు చెబుతాయి. మెడకు తగిలిన శిక్షాసాధనాన్ని ఆయన 'పొగడదండ' అంటాడు. ఆ మాటకు పొగడపూల మాల అనే అర్థం కూడా ఉంది. ఒకనాడు కనకాభిషేకం పొందాడని చెప్పుకొనే కవి, అవమానాన్ని కూడా అలంకారంగా పలికాడు. మరణవేళ సైతం, తన రాక తెలిసి స్వర్గంలోని కవుల గుండెలు దిగ్గుమంటాయని చెప్పుకొన్నాడట. పదవి, పంట, ధనం పోయినా మాట మీది అధికారాన్ని ఆయన పోగొట్టుకోలేదు. శ్రీనాథుని హాస్యంలో కష్టం దాగదు. కష్టంలోనూ తల వంచని ఆత్మగౌరవం అందులో వినిపిస్తుంది.