అమ్మ చీరకి అంటని రంగు

నాన్నగారు పోయాక అమ్మ తెల్లచీరలే కట్టేది. ఎంతో బతిమాలితే, "సరే, ఆ పాలిస్టర్ చీరకి రంగు వెయ్యవే" అంది. ఉయ్యూరు బజార్లో నీలంరంగు పొట్లం కొని, మరిగే నీళ్లలో కలిపి ముంచాను. జాడిస్తే రంగంతా నీళ్లపాలు! నూలు ఫాల్ మాత్రం నీలమైంది.

లోపం నా చేతిది కాదని తర్వాత తెలిసింది. నూలు నీళ్లు పీల్చి రంగు పట్టుకుంటుంది. పాలిస్టర్ పీల్చదు. దానికి నీళ్లలో దాదాపు కరగని డిస్పర్స్ రంగులు కావాలి. మూసిన యంత్రంలో, ఒత్తిడితో, సుమారు 130 డిగ్రీల వేడికి పోగు సడలితే అవి లోపలికి దూరతాయి. మన గిన్నెలో నీళ్లు 100 దగ్గరే మరిగిపోతాయి కదా! కాబట్టి రంగు కొనేముందు బట్ట ఏదో చూసుకోండి.

అమ్మ ఆ ఫాల్ చూసి నవ్వింది. "నీలం బాగానే ఉందే. పెడన కలంకారీలో నూలుచీర కొందామా?"