సీలింగ్ ఎంత ఎత్తు ఉండాలి? లిఫ్ట్‌ని కాదు, బండిని అడగండి

మన ఊళ్లలో కింద షాపు, పైన ఇల్లు కట్టుకునేటప్పుడు స్లాబ్ ఎత్తు గురించి పెద్దగా చర్చ జరగదు. మేస్త్రి "10 అడుగులు పెడదామండి" అంటాడు, ఇంటాయన తలూపుతాడు, అంతే. కిరాణా కొట్టుకో మెడికల్ షాపుకో 10 అడుగులు బాగానే సరిపోతాయి. కానీ అది కార్ల మెకానిక్ షెడ్డయితే, ఎప్పటికైనా అందులో లిఫ్ట్ పెట్టే ఆలోచన ఉంటే మాత్రం అలా తలూపకూడదు. గోడ పగలగొట్టి మళ్లీ కట్టొచ్చు, షట్టర్ మార్చొచ్చు. పోసిన స్లాబ్‌ని రెండడుగులు పైకి జరపడం మాత్రం కుదరదు.

మా బాబాయ్ కార్ల మెకానిక్. ఇరవై ఏళ్లకు పైగా అద్దె షెడ్డులో చేసి, ఇప్పుడు సొంత స్థలంలో కింద షెడ్డు, పైన ఇల్లు మొదలుపెట్టాడు. "కంప్యూటర్లు చదువుతున్నావు కదమ్మా, ఈ లిఫ్ట్ లెక్కేదో చూసి పెట్టు" అని బ్రోచర్లు నా చేతిలో పెట్టాడు. ఆ లెక్క బయటి నుంచి చూస్తే రెండు నంబర్లు కలపడమే. లోపలికి వెళ్తే భలే ఉంది. అందుకే మీకూ చెబుతున్నాను.

అసలు లిఫ్ట్ ఎందుకు?

లిఫ్ట్ లేని షెడ్డులో బండి కిందికి వెళ్లాలంటే రెండు దారులు. ఒకటి, జాకీ పెట్టి లేపి, స్టాండ్లు వేసి, అట్టపెట్టె పరుచుకుని వెల్లకిలా పడుకోవడం. చేతులు పైకెత్తి నట్లు తిప్పుతుంటే నూనె, మట్టి ముఖం మీదే పడతాయి. స్టాండ్లు వేయకుండా ఒక్క జాకీని నమ్ముకుంటే అది జారినప్పుడు తప్పించుకునే టైమ్ కూడా ఉండదు. రెండోది పిట్, అంటే నేలలో తవ్వి కట్టిన గొయ్యి. వానాకాలంలో అందులో నీళ్లు నిలుస్తాయి. ఇంకో ప్రమాదం ఏంటంటే, పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. అది కిందికి దిగి గోతిలోనే పేరుకుంటుంది. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు.

లిఫ్ట్ ఉంటే మెకానిక్ నిలబడి పనిచేస్తాడు. బాబాయ్ నడుముకి కావాల్సింది అదే.

బ్రోచర్ చెప్పేది సగమే

షెడ్లలో ఎక్కువగా పెట్టేది రెండు స్తంభాల లిఫ్ట్. అటొక స్తంభం, ఇటొక స్తంభం, వాటి నుంచి వచ్చే నాలుగు చేతులు. చేతుల చివర ఉండే ప్యాడ్లు బండి జాక్ పాయింట్ల కింద ఆని పైకి లేపుతాయి. ఇందులో రెండు రకాలు. స్తంభాలని పైన ఒక అడ్డ బీమ్‌తో కలిపేది ఓవర్‌హెడ్ రకం. దీని ఎత్తే దాదాపు 12 అడుగులు. కేబుళ్లు, గొట్టాలు నేలమీద ఒక ప్లేటు కింద నుంచి వెళ్లేది బేస్‌ప్లేట్ రకం. దీని ఎత్తు సుమారు తొమ్మిదిన్నర అడుగులు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. తొమ్మిదిన్నర అడుగుల లిఫ్ట్ 10 అడుగుల స్లాబ్ కింద చక్కగా పడుతుంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. పట్టేది లిఫ్ట్ ఒక్కటే. దాని మీదకెక్కే బండి సంగతేంటి?

లెక్క ఇలా వేయాలి:

కావాల్సిన ఎత్తు = ప్యాడ్ లేచే ఎత్తు + బండి ఎత్తు − నేల నుంచి జాక్ పాయింట్ ఎత్తు + పైన వదిలే ఖాళీ

మధ్యలో మైనస్ ఎందుకంటే, బండి ఎత్తుని టైరు కింద నుంచి కొలుస్తారు. ప్యాడ్ మాత్రం పట్టుకునేది పైనున్న ఛాసిస్‌ని. దాని కిందున్న భాగం ప్యాడ్ కన్నా కిందికి వేలాడుతుంది, సీలింగ్ వైపు రాదు.

ఇప్పుడు నంబర్లు వేద్దాం. ప్యాడ్ పూర్తిగా లేస్తే సుమారు 1800 మిల్లీమీటర్లు. బాబాయ్ దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఎత్తున్నది బొలెరో, 1880. దాని జాక్ పాయింట్ దాదాపు 300 దగ్గర ఉంటుంది. పైన ఖాళీ 100 వదులుదాం. మొత్తం 3480, అంటే 11 అడుగుల 5 అంగుళాలు. ట్రావెల్స్ బొలెరోలకి పైన క్యారియర్ ఉంటుంది. దానికో 150 కలిపితే 11 అడుగుల 11 అంగుళాలు.

అదే 10 అడుగుల స్లాబ్ కింద ఏమవుతుంది? 1530 ఎత్తున్న స్విఫ్ట్‌ని 5 అడుగుల 4 అంగుళాల దాకా లేపొచ్చు. ఫర్వాలేదు. క్యారియర్ లేని బొలెరోని నాలుగున్నర అడుగులు, క్యారియర్ ఉంటే 4 అడుగులే. ఆ ఎత్తులో బండి కింద నిలబడలేం, పడుకుంటే చెయ్యి అందదు. రోజంతా నడుము వంచి చేయాలి. లక్షలు పెట్టి లిఫ్ట్ కొని మళ్లీ అదే నడుము నొప్పి. మన అల్గారిథమ్స్ క్లాసులో చెప్పే వర్స్ట్ కేస్ ఇదే అన్నమాట. స్విఫ్ట్‌తో టెస్ట్ చేస్తే ప్రోగ్రామ్ పాస్, బొలెరో రాగానే క్రాష్.

స్లాబ్ ఎత్తు వేరు, ఖాళీ ఎత్తు వేరు

మేస్త్రి చెప్పే ఎత్తు నేల నుంచి స్లాబ్ అడుగు దాకా. కానీ స్లాబ్ కింద బీములు ఉంటాయి. మా ప్లాన్‌లో బీమ్ స్లాబ్ కన్నా 10 అంగుళాలు కిందికి దిగుతుంది. లిఫ్ట్ సరిగ్గా బీమ్ కింద పెడితే ఆ 10 అంగుళాలు పోయినట్టే. కాబట్టి లిఫ్ట్ చోటు ముందే ప్లాన్ మీద గుర్తు పెట్టి, బండి టాప్ రెండు బీముల మధ్య ఖాళీలోకి లేచేలా చూసుకోవాలి. బానెట్ ఎలాగూ తక్కువ ఎత్తు కాబట్టి అది బీమ్ కిందికి వచ్చినా ఇబ్బంది లేదు. లిఫ్ట్ పైన ఫ్యాను కొక్కెం వద్దు. ఫ్యాన్లు, లైట్లు పక్క గోడలకి పెట్టుకోవచ్చు.

యూట్యూబ్‌లో దీనిమీద ఉన్న వీడియోలు ఎక్కువగా అమెరికా ఇంటి గ్యారేజీలవి. సీలింగ్ కింద పట్టాల మీద జరిగే తలుపు అక్కడ పెద్ద తలనొప్పి. మన రోలింగ్ షట్టర్ గుమ్మం పైనే చుట్టుకుంటుంది కాబట్టి మనకి ఆ బాధ లేదు. మన బాధ వేరు. అదే రోడ్డు. కొత్తగా వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే ఇంకో పొర పడుతుంది. కొన్నేళ్లకి రోడ్డు పైకి, షాపు కిందికి. వాననీళ్లు లోపలికి రాకుండా మనం ఫ్లోరు పెంచుతాం. ఫ్లోరు పెరిగినంతా సీలింగ్ తగ్గినట్టే, లిఫ్ట్ కూడా విప్పి మళ్లీ బిగించాల్సిందే. అందుకే మొదట్లోనే బేస్‌మట్టం రోడ్డు కన్నా బాగా ఎత్తుగా వేసుకోవాలి. అయినా సరే లెక్కలో ఇంకో 6 అంగుళాలు చేతిలో ఉంచుకోవడం మంచిది.

అయితే 13 అడుగులు వేసేస్తే పోలా?

బాబాయ్ కూడా అదే అన్నాడు. కానీ పైన ఉండబోయేది మా నానమ్మ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మెట్టు 6 అంగుళాలు అనుకుంటే 10 అడుగుల మీద పెంచే ప్రతి అడుగుకీ రెండు మెట్లు ఎక్కువ. 13 అంటే 6 మెట్లు. గుడికి వెళ్లిన ప్రతిసారీ, పాలప్యాకెట్‌కి దిగిన ప్రతిసారీ ఆ ఆరూ ఎక్కాలి. షెడ్డు ఎత్తు పెంచితే బాబాయ్ నడుముకి సుఖం, కానీ ఆ భారం నానమ్మ మోకాళ్ల మీద పడుతుంది. బ్రోచర్‌లో ఈ లైన్ ఉండదు.

అందుకని లెక్కని తిప్పి వేశాం. లిఫ్ట్ ఎంత లేపగలదు అని కాకుండా, కింద నిలబడే మనిషికి ఎంత కావాలి అని. బాబాయ్ ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. స్లాబ్ అడుగు 12 అడుగుల దగ్గర ఉంటే, రేపు ఫ్లోరు 6 అంగుళాలు పెరిగినా, క్యారియర్ ఉన్న బొలెరో వచ్చినా, ప్యాడ్లు 5 అడుగుల 6 అంగుళాల దాకా లేస్తాయి. ఒక్క అంగుళం తేడాతో బాబాయ్ తల వంచక్కర్లేదు. ఆయనకన్నా పొడుగు కుర్రాడు పనికొస్తే ఆ ఒక్క బండి దగ్గర కొంచెం వంగాలి, మిగతావాటికి ఇబ్బంది లేదు. నానమ్మకి 6 మెట్ల బదులు 4. మెట్ల మధ్యలో వెడల్పు ల్యాండింగ్, రెండు వైపులా పట్టుకోడానికి రెయిలింగ్ పెట్టమని మేస్త్రికి చెప్పాం. "నాలుగేగా, ఎక్కుతాలే" అంది నానమ్మ. మనస్ఫూర్తిగా అందో కొడుకు కోసం అందో నేను చెప్పలేను.

ఈ ఎత్తుకి బేస్‌ప్లేట్ రకమే నయం. కానీ ఒక జాగ్రత్త. ఓవర్‌హెడ్ రకంలో పైన ఒక మెత్తటి బార్ ఉంటుంది, బండి టాప్ తగలగానే లిఫ్ట్ ఆగిపోతుంది. బేస్‌ప్లేట్‌లో అది ఉండదు, బండికి తగిలేది నేరుగా స్లాబే. కాబట్టి స్తంభం మీద బొలెరోకి ఒక గీత, క్యారియర్ బండికి ఇంకో గీత పెయింట్‌తో వేసుకుని అక్కడే ఆపాలి. ఫ్లోరు కాంక్రీట్ మందం, బలం కంపెనీ మాన్యువల్ అడిగినంత ఉండాలి. బరువంతా మోసేది అందులో దిగిన బోల్టులే. మామూలు ఫ్లోరింగ్ చాలదు.

మీ ఇంట్లోనో చుట్టాల్లోనో ఎవరైనా షెడ్డు కడుతుంటే సెంట్రింగ్ కొట్టకముందే ఒకసారి టేపు పట్టుకుని వెళ్లండి. వచ్చే బండ్లలో అన్నిటికన్నా ఎత్తైనది ఏది, దాని కింద నిలబడేది ఎవరు, పైన మెట్లెక్కేది ఎవరు అని అడగండి. ఆ తర్వాతే మేస్త్రికి నంబర్ చెప్పండి.