అరమండి వేస్తే నడుం ఎందుకు నొప్పెడుతుంది?

తార్నాకలోనో మల్కాజ్‌గిరిలోనో కూచిపూడి నేర్చుకునే పిల్లలకు తరచూ వినపడే మాట: "ఇంకా కిందికి దిగు!" మడమలు దగ్గరగా, పాదాలూ మోకాళ్లూ చెరో పక్కకీ తిప్పి సగం కూర్చోవడమే అరమండి. వంగేది కాళ్లు కదా, మరి నొప్పి నడుముకెందుకు?

కిటుకంతా తుంటిలో ఉంది. కాలు పక్కకి తిరగాల్సింది తుంటి కీలు దగ్గర. అదెంత తిరుగుతుందన్నది ఒక్కొక్కరి ఎముకల తీరును బట్టి ఉంటుంది కాబట్టి, క్లాసులో అందరూ ఒకేలా దిగాలనడం న్యాయం కాదు. తుంటి తిరగనంటే శరీరం దొంగదారి వెతుక్కుంటుంది. కటి ఎముకను నీళ్లు నిండిన గిన్నె అనుకోండి. ముందుకి ఒరిగితే నీళ్లు ఒలుకుతాయి. కటి అలా ఒరగగానే పొట్ట ముందుకొస్తుంది, నడుం వెనకాల గుంట పడుతుంది, వెన్నుపూసల వెనకవైపు చిన్న కీళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి.

బాలే పిల్లలదీ ఇదే కథ. పైగా వాళ్లు కాలు వెనక్కెత్తి నడుం వంచుతారు కూడా!

గబగబా ఎత్తు పెరిగే వయసులో చిక్కు ఎక్కువ. ఎముకలు ముందు సాగుతాయి, వాటిని అందుకోలేక బిగుసుకున్న తొడ ముందువైపు కండరాలు కటిని ముందుకి లాగుతాయి. అదే ఒత్తిడి పదేపదే పడితే లేత ఎముకలో సన్నని పగులు రావచ్చు. నడుములోని 5 పూసల్లో అట్టడుగుదానికే ఆ ముప్పు ఎక్కువ.

వెనక్కి వంగినప్పుడల్లా ఒకే చోట పోటు వస్తుంటే డాక్టరుకు చూపించాలి. చాలామందికి కొన్నాళ్లు నాట్యం ఆపి, పొట్ట, నడుం కండరాలకు వ్యాయామం చేస్తే తగ్గిపోతుంది.