కోర్టు మాట ఎందుకు చెల్లుతుంది?

పొలం గట్టు తగాదా వచ్చిందనుకోండి. చిన్న దావా అయితే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. సాక్షులను బోనెక్కించి అడిగేదీ, దస్తావేజులు తిరగేసేదీ అక్కడే. అసలు పనంతా అక్కడే జరుగుతుందని నా లెక్క. ఓడినవారు పై జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. ఆయన మామూలుగా సాక్షులను మళ్లీ పిలవడు. కింది కోర్టు రికార్డు చదివి తప్పు జరిగిందేమో చూస్తాడు. చట్టం గురించి గట్టి ప్రశ్న మిగిలితేనే రెండో అప్పీలు హైకోర్టుకు వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ 2019 జనవరి 1 నుంచి ఎవరి హైకోర్టు వారిదే. అన్నిటికీ పైన సుప్రీంకోర్టు.

మరి గెలిచినా ఎదుటివాడు పొలం వదలకపోతే? అమలు పిటిషన్ వేయాలి. కోర్టు అమీనా వారెంటు పట్టుకొచ్చి స్వాధీనం ఇప్పిస్తాడు. అడ్డుపడితే కోర్టు పోలీసు సాయం ఇప్పిస్తుంది.

ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే మాత్రం ఇన్ని మెట్లెక్కక్కర్లేదు. రాజ్యాంగం 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లవచ్చు.