కాలువలో మునిగిన కారు: రెండు ప్రశ్నలు, రెండు రకాల సమాధానాలు

నాగార్జునసాగర్ కుడికాలువ ఆయకట్టులో పత్తి, మిరప పండించే సత్తెనపల్లి ప్రాంతంలోనైనా, ఎడమకాలువ కింద ఉన్న సూర్యాపేట జిల్లాలోనైనా, కాకతీయ కాలువ సాగే కరీంనగర్ పరిసరాల్లోనైనా ఊరికీ పొలానికీ దారి చాలాచోట్ల కాలువ కట్ట మీదుగానో, వంతెన మీదుగానో పోతుంది. ఇలాంటి దారిలో కారు నీటిలో పడి అందులోని వారంతా మరణిస్తే రెండు ప్రశ్నలు పుడతాయి: వాహనం నీటిలోకి ఎందుకు వెళ్ళింది, వెళ్ళాక మనుషులు ఎందుకు బయటపడలేకపోయారు? ఈ రెండూ ఒకే చిక్కుముడిగా కనిపించినా వాటి స్వభావం వేరు. రెండో ప్రశ్నకు భౌతికశాస్త్రం దాదాపు పూర్తి సమాధానం ఇస్తుంది. మొదటి ప్రశ్నకు కావలసిన ఆధారాలు మాత్రం నీటిలో గడిచిన ప్రతి రోజూ తరిగిపోతాయి.

2020 జనవరి 27న కరీంనగర్ నుంచి బయలుదేరిన ఒక కుటుంబంలోని ముగ్గురి ఆచూకీ లేకుండా పోయింది. మూడు వారాల తరువాత, ఫిబ్రవరి 17న, కాకతీయ కాలువలో జరిగిన ఒక ప్రమాదంలో గల్లంతైన వ్యక్తిని వెతకడానికి నీటిని తగ్గించినప్పుడు అలుగునూరు సమీపాన వారి కారు బయటపడింది, మృతదేహాలు అందులోనే ఉన్నాయి. అది ప్రమాదమా, మరేదైనానా అన్న చర్చ ఆ తరువాత కూడా సాగింది. అంతకు కొన్ని నెలల ముందు, 2019 అక్టోబరులో, సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలం చాకిరాల వద్ద సాగర్ ఎడమకాలువలో పడిన కారులో ఆరుగురు మరణించారు.

కారు నీటిలో పడగానే మునిగిపోదు. మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు నెడుతుందో అంత నీటి బరువుకు సమానమైన బలం దాన్ని పైకి తోస్తుందని చెప్పే ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం, వెయ్యి కిలోల కారు తేలడానికి ఒక ఘనమీటరు నీటిని తొలగిస్తే చాలు. నాలుగు మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు ఉన్న కారుకు ఇది అడుగుభాగం నుంచి దాదాపు 16 సెంటీమీటర్ల లోతు మాత్రమే. అయితే తలుపుల సందుల నుంచి, గాలి మార్గాల నుంచి నీరు లోపలికి చేరుతూ ఉంటుంది. ఇంజను బరువు వల్ల చాలా కార్ల ముందుభాగం కిందికి వంగుతుంది. కార్లను నీటిలో ముంచి ప్రయోగాలు చేసిన కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ తేలే దశ సాధారణంగా అర నిమిషం నుంచి రెండు నిమిషాల వరకు ఉంటుందని, తప్పించుకునే అవకాశం ప్రధానంగా మొదటి నిమిషంలోనే ఉంటుందని చూపారు.

ఆ నిమిషం దాటాక తలుపు తెరుచుకోకపోవడానికి కారణం నీటి పీడనం, అంటే నీరు తనకు ఆనుకున్న తలం మీద చూపే ఒత్తిడి; ఇది లోతును బట్టి పెరుగుతుంది. ఒక చదరపు మీటరు వైశాల్యమున్న తలుపు సగటున అర మీటరు లోతులో ఉండి లోపల గాలి మాత్రమే ఉంటే, దానిపై బయటి నుంచి పడే బలం అయిదు వందల కిలోల బరువుకు సమానమవుతుంది. ఎంత బలవంతుడైనా దాన్ని భుజంతో నెట్టలేడు. కారు పూర్తిగా నిండి లోపలా బయటా పీడనం సమానమైతే తలుపు తెరుచుకోవచ్చు గాని, అంతవరకు ఊపిరి బిగపట్టి నిలవగలిగేవారు అరుదు. నీరు కిటికీ అంచు దాటకముందైతే అద్దాన్ని దించడం తేలిక. దాటాక అదే ఒత్తిడి అద్దాన్ని చట్రానికి అదిమి కదలనివ్వదు. పక్క కిటికీలకు ఎక్కువగా వాడే టెంపర్డ్ గాజు, అంటే వేడిచేసి వేగంగా చల్లార్చి గట్టిపరచిన గాజు, మొనదేలిన పనిముట్టు తగిలితే చిన్న ముక్కలుగా రాలిపోతుంది. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరను అతికించిన ల్యామినేటెడ్ గాజు పగిలినా ఊడిరాదు. 2019లో అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ పరీక్షించిన ఆరు పనిముట్లలో ఒక్కటి కూడా దాన్ని ఛేదించలేకపోయింది. అందుకే నిపుణులు చెప్పే క్రమం ఇది: బెల్టు విప్పాలి, కిటికీ దించాలి, పిల్లలను ముందుగా పంపి వెంటనే తామూ బయటపడాలి, ఫోన్ చేయడానికి ఆ నిమిషాన్ని వెచ్చించకూడదు.

బయటపడ్డాక కూడా కాలువ నదిలా ఉండదు. నీరు ఇంకిపోకుండా వేసిన సిమెంటు లైనింగు వాలుగా, నాచు పట్టి జారుతూ ఉంటుంది. పట్టుకోవడానికి చెట్టూ రాయీ దొరకవు. మెట్లు కట్టిన చోటుకు చేరేవరకు ప్రవాహం మనిషిని వదలదు.

కారు రోజుల తరబడి కనబడకపోవడంలోనూ వింత లేదు. మృతదేహం కుళ్ళేటప్పుడు పుట్టే వాయువులు దాన్ని పైకి తేలుస్తాయి గాని కారు పైకప్పు, సీటు బెల్టు దాన్ని ఆపుతాయి. బురద నీటిలో వాహనం పైనుంచి కనబడదు. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో 1969, 1970లలో అదృశ్యమైన ఆరుగురి అవశేషాలు 2013 సెప్టెంబరులో ఫాస్ సరస్సులో రెండు కార్లలో దొరికాయి. నీటిలోకి ధ్వనితరంగాలు పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులతో అడుగుభాగాన్ని చిత్రించే సోనార్ పరికరాన్ని పోలీసులు అక్కడ సాధనలో భాగంగా వాడుతుండగా అవి కనబడ్డాయి.

కారు నీటిలోకి ఎందుకు వెళ్ళిందో తేల్చడం కష్టం కావడానికి కారణం ఆధారాల స్వభావమే. నీటిలో మునిగి మరణించినట్టు నిరూపించే ఒకే ఒక పరీక్ష వైద్యశాస్త్రంలో లేదు. ఇతర కారణాలను ఒక్కొక్కటిగా కొట్టివేసి వైద్యులు ఆ నిర్ణయానికి వస్తారు. డయాటమ్‌లు, అంటే సిలికా పెంకు కలిగిన సూక్ష్మ శైవలాలు, శ్వాసతో ఊపిరితిత్తుల్లోకి చేరి రక్తం ద్వారా ఎముక మజ్జ వరకు వెళితే మనిషి బతికుండగానే నీటిలో పడ్డాడని భావిస్తారు, కాని దీని విశ్వసనీయతపై నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. పైగా మనిషి బతికుండగా మునిగాడని తేలినా, స్టీరింగు ఎందుకు తిరిగిందో మజ్జ చెప్పదు. దానికి కట్ట మీది టైరు జాడలు, గేరు స్థానం, కిటికీల స్థితి, ఫోను చివరిసారి అందుకున్న టవరు కావాలి. టైరు జాడలను వానా రాకపోకలూ కొద్ది రోజుల్లోనే చెరిపేస్తాయి. తుప్పు, బురద, కుళ్ళు మిగిలినవాటిని పాడుచేస్తాయి.

కాబట్టి ఇలాంటి మరణాల్లో మిగిలే రహస్యంలో చాలా భాగం ఆలస్యం వల్ల ఏర్పడినదే. కాలువ దారి మీద వాహనంతో సహా మనిషి కనబడకుండా పోయినప్పుడు, దారి మలుపుల్లో కట్ట అంచులను, విరిగిన రెయిలింగులను అదే రోజు పరిశీలించి, అవసరమైతే నీటిని తగ్గించి సోనార్‌తో వెతికితే, కారణం తేలే అవకాశం ఎంతో పెరుగుతుంది. వంతెనలకు పిట్టగోడలు, మలుపుల్లో ఇనుప రెయిలింగు, రాత్రి మెరిసే గుర్తులు ఉంటే చాలా సందర్భాల్లో అసలు ఆ ప్రశ్నే తలెత్తదు; ఎందుకంటే నీటిలో పడ్డ కారుకు ప్రకృతి ఇచ్చే గడువు ఒక నిమిషం, కట్ట మీద రక్షణ ఏర్పాటు చేయడానికి మనుషులకున్న గడువు ఏళ్ళకు ఏళ్ళు.