మన గ్రామములలో చెడుగుడు క్షీణించుట యేల?

ఒక గ్రామము యొక్క క్షేమమును తెలిసికొనుటకు అచ్చటి బాలుర యాటను చూచిన చాలును. సాయంకాలమున పిల్లల కూత వినవచ్చు నూర వారికి తిండియు, తీరికయు, తోడును గలవని గ్రహింపవచ్చును. పరిటాల, కంచికచెర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్ట గ్రామములలో నొకప్పుడు ఆట యనిన చెడుగుడే. పంట యొబ్బిడియైన పిదప ఖాళీపడిన కల్లములలోను, ఏటి యిసుకలోను, వెన్నెల రాత్రులందు పెద్దలు చూచుచుండగా పిల్లలును, పిల్లలు చూచుచుండగా యువకులును ఆడెడివారు. నేడు ఆ కూత మందగించినది. దీనినిగూర్చి విచారపడి యూరకుండుటకంటె కారణములను వెదకుట మేలు. కావున ఈ వ్యాసమున ఆ యాట స్వరూపమును, అది తగ్గుటకు గల హేతువులను, అందువలని నష్టమును, మనము చేయదగిన పనిని క్రమముగ వివరింప దలచితిమి.

చెడుగుడునకు బంతి లేదు, బ్యాటు లేదు, వల లేదు. చుట్టును గీతలు, నడుమ నొక గీత, ఇరువైపుల ఏడుగురేసి ఆటగాండ్రు, ఇంతియే. ఒక పక్షమువాడు ఒకే యూపిరితో కూత పెట్టుచు నడిమి గీత దాటి పోయి, ఎదిరివారిలో నొకనినో యిద్దరినో ముట్టి, ఊపిరి తెగకుండ తన బరిలోనికి తిరిగి రావలెను. వచ్చెనా, ముట్టబడినవారు చచ్చినట్లు. అచ్చటనే పట్టుబడి కూత విడిచెనా, కూతగాడే చచ్చినట్లు. ఎదుటివా డొకడు చచ్చినప్పుడెల్ల ఇవతల చచ్చినవా డొకడు మరల లేచును. చచ్చినవాడు లేచుట తన బలమువలన గాదు, తోటివాని సాహసమువలన. ఈ యాటలోని నీతి యంతయు ఇందే యున్నది. దీనినే మహారాష్ట్రులు హుతుతు అనియు, వంగీయులు హాడుడు అనియు, అరవవారు సడుగుడు అనియు పిలిచిరి. కబడ్డీ యను పేరు దేశమంతట స్థిరపడినది. నేటి నిబంధనల ననుసరించి పురుషుల బరి 13 మీటరుల పొడవును 10 మీటరుల వెడల్పును, స్త్రీల బరి 12 మీటరుల పొడవును 8 మీటరుల వెడల్పును గలది. ఒక్కొక్క కూతకు 30 సెకండులు గడువు. జట్టున 12 మంది యుందురు గాని బరిలో దిగువారు ఏడుగురే.

ఈ పల్లెటూరి యాటకు లోకప్రఖ్యాతి క్రమముగ వచ్చినది. 1936లో బెర్లిను ఒలింపిక్సు సమయమున అమరావతి పట్టణపు హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు దీనిని అచ్చట ప్రదర్శించిరి. (ఆ యమరావతి విదర్భ దేశములోనిది, మన కృష్ణాతీరమునది కాదు.) 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య యేర్పడెను. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ప్రదర్శనగా చూపబడి, 1990లో బీజింగు నందు పతకముగల పోటీ యయ్యెను. అది మొదలు 2014 వరకు ఏడుమారులు వరుసగ పురుషుల స్వర్ణపతకము భారతదేశమునకే దక్కెను. 2018లో జకార్తా యందు ఇరాను దేశమువారు మన పురుషులను సెమీఫైనలులో నోడించిరి. అదే క్రీడలలో మన స్త్రీలు కూడ తుదిపోటీలో ఇరానుకే యోడిపోయిరి. 2023లో హాంగ్‌జౌ యందు పురుషులును స్త్రీలును స్వర్ణపతకములను మరల గెలిచిరి. 2014లో ప్రో కబడ్డీ లీగు పుట్టినది. అందు తెలుగు టైటాన్స్ అను జట్టును గలదు. ఇంటింట టెలివిజనులో ఈ యాటను చూచువారు పెరిగిరి. అయినను వీధిలో ఆడువారు తగ్గిరి. చూచుట వేరు, ఆడుట వేరు. ఒకటి పెరిగినంత మాత్రమున రెండవది పెరుగదు.

కారణములలో మొదటిది నేల. జొన్నచేలు తగ్గి ప్రత్తియు మిరపయు పెరిగినవి; కోతయంత్రములు చేలోనే గింజను రాల్చుచున్నవి; కావున వెనుకటి కల్లములు చాలవరకు మాసిపోయినవి. మిగిలిన కల్లములలో మాఘ ఫాల్గుణములందు, అనగా పూర్వము ఆట జోరుగ సాగిన దినములలోనే, మిరపకాయ లెండుచుండును. హైదరాబాదు విజయవాడల నడిమి పెద్ద రహదారి మన యూళ్ళను ఒరసికొని పోవుచున్నది. 2014 తరువాత కృష్ణ కావలి యొడ్డున అమరావతి రాజధానిగ నిర్ణయింపబడుటచే ఇండ్లస్థలముల వెల హెచ్చినది. వెల హెచ్చిన చోట ఖాళీ నేల నిలువదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు ఆటస్థల ముండవలెనని విధించినది. కాని చట్టమున నున్న స్థలము వేరు, రాళ్ళేరి గీతలు గీచిన స్థలము వేరు.

రెండవది పిల్లల సంఖ్య. నలుగురు చేరిన గోడవద్ద క్రికెట్టు ఆడవచ్చును. చెడుగుడునకు పదునలుగురు కావలెను. పూర్వ మొక వీధిలోనే పదునలుగురు దొరకెడివారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున స్త్రీ యొక్కతెకు సగటున 1.7 సంతానము. చిన్న కుటుంబము మంచిదే. అయితే ఆ కొద్దిమందియు ఉదయముననే పసుపుపచ్చని బస్సులెక్కి నాలుగు దిక్కుల పాఠశాలలకు పోవుచున్నారు. ఒకే వీధివారికి ఒకే బడి లేదు, ఒకే వేళ సెలవు లేదు. ఇట్లు జట్టు కట్టుటకు ముందే జట్టు విడిపోవుచున్నది.

మూడవది కాలము. బడి విడిచిన వెంటనే ట్యూషను, ట్యూషను పిదప ఇంటిపాఠము. ఆరవ తరగతి మొదలుకొనియే ప్రవేశపరీక్షల తరిఫీదు పేరిట విజయవాడ, గుంటూరు వసతిగృహములకు పంపబడు బాలురు ఉన్నారు. కాలపట్టికలో ఆటల గంట వ్రాయబడి యుండియు, పరీక్షలు సమీపింపగానే గణితమున కీయబడుట పలుచోట్ల వాడుక. బీదయింటి పిల్లలకు ఇంకొక యిబ్బంది గలదు: ప్రత్తి తీత, మిరప కోత దినములలో సెలవనిన కూలి యనియే యర్థము.

నాలుగవది భయము. చెడుగుడులో మడమ బెణుకును, మోకాలు నొచ్చును, వ్రేలు విరుగును. ఒక్క బిడ్డయో ఇద్దరు బిడ్డలో గల తల్లిదండ్రులు భయపడుట సహజము. దానికి తోడు పెద్ద పోటీలన్నియు మెత్తని పరుపు చాపలపై జరుగుచున్నవి. అందుకు తగిన పాదరక్షలును, ఆ చాపపై అభ్యాసమును కావలెను. మట్టిలో నేర్చిన పిల్లవాడు అచ్చట తడబడును. ఖర్చులేని యాట యని మనము పొగడు నాట పైమెట్టున ఖర్చుగల దైనది.

ఐదవది మనస్సు. 1983లో ప్రపంచకప్పు గెలిచిన నాటినుండి క్రికెట్టు దేశపు చూపు నంతయు లాగికొన్నది. ఇప్పుడు చేతిఫోను క్రికెట్టునుండి కూడ పిల్లలను లాగికొనుచున్నది. ఇది మన యూరి మాట మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన పరిశీలన ప్రకారము లోకమున 11 మొదలు 17 ఏండ్ల వయస్సువారిలో నూటికి 81 మందికి చాలినంత శరీరశ్రమ లేదు. బాలురలో నూటికి 78, బాలికలలో నూటికి 85. ఆ వయస్సువారికి దినమునకు సగటున 60 నిమిషముల శ్రమ యవసరమని ఆ సంస్థ చెప్పుచున్నది.

ఇతర దేశములలో నిట్టి యాటకు ఏమి సంభవించెనో చూచిన మనకు బుద్ధి కలుగును. చెడుగుడువలెనే పట్టి పడవేయుట ప్రధానముగా గల యాట రగ్బీ. ఉత్తర ఇంగ్లండులోని గనులలోను మిల్లులలోను పనిచేయువారు శనివారపు ఆటకై కూలి పోగొట్టుకొనెడివారు. ఆ నష్టమును క్లబ్బులు తీర్చుటకు పెద్దలు అంగీకరింపనందున, 1895 ఆగష్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమున ఇరువదికి పైగా క్లబ్బులు విడిపోయి వేరు సంఘ మేర్పరచుకొన్నవి. అదియే తరువాత పదుమువ్వు రాడు రగ్బీ లీగు. కూలివాని దినచర్యను గుర్తించుటచే పుట్టిన యాట యది. ఇప్పుడు ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలో తలకు దెబ్బ తగులునను భయముచే తల్లిదండ్రులు పిల్లలను పంపుటకు సందేహించుచున్నారు. అందులకు వారు కనిపెట్టిన యుపాయము చక్కనిది. చిన్నవారికి పడవేయుట లేదు. నడుమున వ్రేలాడు గుడ్డపేలికను లాగిన చాలును, పట్టినట్లే. వయస్సు వచ్చి, పడుట నేర్చిన పిదపనే అసలు పట్టు.

మన దేశమునకు సంబంధించిన మరియొక కథ గలదు. 1873లో కలకత్తాలోని ఆంగ్లేయులు రగ్బీ క్లబ్బును స్థాపించిరి. సైనిక పటాలము వేరుచోటికి పోగానే ఆటగాండ్రు లేక అది కొద్దియేండ్లలో మూతబడెను. మిగిలిన వెండి రూపాయలను కరగించి వారు చేయించిన గిన్నెయే కలకత్తా కప్పు. 1879 మొదలు ఇంగ్లండు, స్కాట్లండు జట్లు దానికై పోటీపడుచున్నవి. ఆట చచ్చినది, గిన్నె మిగిలినది. ఊరి మట్టిలో వేరు పాతుకొనని యాట పటాలముతో వచ్చి పటాలముతో పోవును. చెడుగుడు వేరు మన మట్టిలో నున్నది. అయినను నీరు పోయనిచో వేరును ఎండును.

చెడుగుడు పోయిన మనకు పోవున దేమి? వ్యాయామము మాత్రమే యైన పరుగెత్తియో దండెములు తీసియో దానిని పొందవచ్చును. కాని చెడుగుడు ఒకరి నొకరు తాకనిదే సాగదు. ఊరి పిల్లలును పేట పిల్లలును ఒకే గీతవెనుక చేయి చేయి పట్టుకొని గొలుసువలె నిలువవలెను. ఎదిరివాని కాలు పట్టవలెను. వాని చెమట తన యొడలి కంటుకొనవలెను. అంటరానితనము ఆ బరిలో ఒక్క నిమిషమైన నిలువదు. ఆట ముగిసిన పిదప ఎవరి వీధికి వారు పోయినను, పట్టిన చేయిని మరచుట సులభము గాదు. ఇట్టి చోట్లు మన గ్రామములలో నెన్ని గలవు? ఉన్న యొకటియు పోయినచో పిల్లలు ఒకరి నొకరు ఫోనుతెరమీద మాత్రమే ఎరుగుదురు.

బాలికల మాట ప్రత్యేకముగ చెప్పవలసి యున్నది. 2010లో గువాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్త్రీల కబడ్డీ ప్రవేశపెట్టబడగా ఆ యేటనే మన స్త్రీలు స్వర్ణము గెలిచిరి. అయినను మన యూళ్ళలో పండ్రెండవ యేడు దాటిన బాలిక ఆటస్థలమునకు వచ్చుట అరుదు. ఆమెకు శక్తి లేకకాదు. తగిన దుస్తులు, మరుగుగల స్థలము, నేర్పు స్త్రీ, ఇంటివారి యనుమతి, ఈ నాలుగును లేక.

ఇక చేయదగిన పని. 1920లో మదరాసునందు హారీ బక్ దొరగారు వై. ఎం. సి. ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించినప్పుడు, ఆట యనునది చదువునకు అడ్డు కాక చదువులో భాగ మనునదియే ఆయన తలంపు. మిషను పాఠశాలలకు ఈ తలంపు క్రొత్తది కాదు. పౌలు అపొస్తలుడు భక్తిజీవనమునకు పరుగుపందెమును దృష్టాంతముగ చూపెను గదా.

మొదట నేలను సిద్ధపరుపవలెను: రాళ్ళేరి, త్రవ్వి, జల్లించిన మన్ను పోసి, ఆటకు ముందు కొంచెము తడుపవలెను. రెండవది, పిల్లలను తరగతినిబట్టి గాక బరువునుబట్టి విభజింపవలెను. బక్కవాని మీదికి బలిసినవానిని వదలుటవలననే దెబ్బలు హెచ్చు. మూడవది, చిన్న తరగతులకు ముట్టుటతోనే ముగియు ఆటను నేర్పి, ఎట్లు పడవలెనో తెలిసిన పిదప పట్టుట నేర్పవలెను. గోళ్ళు తీసికొనుట, ఒంటికి నూనె రాచుకొనకుండుట, నగలు తీసివేయుట అను నియమములను మొదటి దినమునుండియే పాటింపవలెను. నాలుగవది, జట్లను వీధివారీగ గాక, వేర్వేరు వీధుల పిల్లలు కలియునట్లు కూర్పవలెను. ఐదవది, బాలికలకు వేరు వేళయు, నేర్పు ఉపాధ్యాయినియు ఏర్పరుపవలెను.

తల్లిదండ్రులారా! సంక్రాంతి పోటీలకు చందా యిచ్చి చప్పట్లు కొట్టుట మంచిదే. కాని మూడు దినముల పండుగ మిగిలిన దినముల అభ్యాసమునకు బదులు కానేరదు. వారమునకు రెండు సాయంకాలములు మీ బిడ్డలకు విడిచిపెట్టుడు. ఆ రెండు గంటలవలన మార్కులు తగ్గునను భయము వలదు. అలసి నిద్రించిన పిల్లవాడు తెల్లవారుజామున చదువుటకు లేవగలడు.

విద్యార్థులారా! ఫోనులో చూచిన పట్టు మీ చేతులకు రాదు. మీరు ఏడుగురు చేరి, ఇంకొక యేడుగురిని పిలిచి, కట్టెపుల్లతో నొక గీత గీయుడు. తక్కినది ఆ గీతయే నేర్పును. చచ్చినవాడు తోడివానివలన లేచునని ఈ యాట చెప్పుచున్నది. అట్లే ఇప్పుడు చచ్చుచున్న యీ యాట మీ కూతవలన లేచుగాక!