టవర్ ఎక్కేవారికి కనబడని మంట



మొన్న మన ఆసుపత్రి ఆవరణలో జరిగిన యవ్వనస్థుల కూడికలో, ఆరోగ్యం గురించి ఏ సందేహమైనా అడగమన్నాము. మొటిమలు, తలనొప్పి, పరీక్షల ముందు నిద్రపట్టకపోవడం, ఇలాంటివి అడుగుతారనుకున్నాము. ఇంటర్ చదివే ఒక బాబు లేచి తన ఫోనులో వీడియో చూపించాడు. ఆకాశాన్నంటే టీవీ టవర్ కొస నుంచి ఇద్దరు మనుషులు పారాచూట్లు కట్టుకుని దూకుతున్నారు. "సిస్టర్, పారాచూట్ తెరుచుకుంటే ఇక ప్రమాదమేమీ లేనట్టే కదా?" అని అడిగాడు. దేవాలయ శిఖరం మీది నుంచి దూకమన్న శోధకుని సంగతి పాస్టరుగారు గుర్తుచేసేసరికి అందరూ నవ్వారు. ప్రశ్న మాత్రం నవ్వి వదిలేసేది కాదు. ఆ పూట సగమే చెప్పగలిగాము, మిగతా సగం ఇక్కడ రాస్తున్నాము.

ఈ ఆటను బేస్ జంప్ అంటారు. భవనం, యాంటెన్నా, వంతెన, కొండ అంచు అనే నాలుగింటికి ఇంగ్లీషులో వాడే మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అది. 1981లో అమెరికాలో కార్ల్ బేనిష్, అతని మిత్రులు ఈ నాలుగింటి మీది నుంచీ దూకినవారికి వరుస నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. 1984లో నార్వేలోని ట్రోల్‌వెగన్ అనే కొండ గోడ మీది నుంచి దూకుతూ కార్ల్ ప్రాణం పోగొట్టుకున్నాడు. 1986లో అక్కడ దూకడాన్ని ఆ దేశం నిషేధించింది. అమెరికాలో కొన్ని వంతెనల మీది నుంచి దూకడానికి అనుమతి ఉంది గానీ, టవర్ల సంగతి అలా కాదు. అవి రేడియో, టీవీ సంస్థల ఆస్తి. అందుకే ఎక్కువగా రాత్రిపూట, ఎవరికీ చెప్పకుండా కంచె దాటి ఎక్కుతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. బల్బు మార్చడానికో రంగు వేయడానికో ఎక్కే పనివారు ముందుగా కంట్రోల్ రూముకు చెప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపించి లేదా పవర్ తగ్గించి ఎక్కుతారు. దొంగతనంగా ఎక్కేవారి కోసం ఎవరూ ఆపరు. పైన మనిషి ఉన్నాడని కింద ఎవరికీ తెలియదు.

అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలో 1963లో కట్టిన టీవీ స్తంభం ఎత్తు అప్పట్లో 628 మీటర్లు, అంటే మన చార్మినార్‌కు పది రెట్ల పైమాటే. అలాంటిదాని మీదికి నిచ్చెన ఎక్కాలంటే ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి. పైకి చేరాక గాలి అనుకూలించేదాకా కూర్చోవాలి. అంతసేపూ ఆ మనిషి యాంటెన్నా ఒడిలో ఉన్నట్టే.

రేడియేషన్ అనగానే మనవారికి ఎక్స్‌రే గుర్తొస్తుంది. రేడియో, టీవీ తరంగాలు ఆ జాతివి కావు. ఎక్స్‌రేకు కణంలోని అణువులను చీల్చే శక్తి ఉంది, వీటికి లేదు. ఇవి చేసేది వేడి చేయడం. అయితే ఎండకు కాలినప్పుడు చర్మం చురుక్కుమంటుంది, మనం నీడకు వెళ్తాము. ఈ తరంగాల వేడి చర్మం దాటి లోపలి కండలో పుడుతుంది. లోపల వేడిని పసిగట్టే నరాలు తక్కువ కాబట్టి, ఒళ్లు వెచ్చబడిందని తెలిసేసరికి ఆలస్యమవుతుంది. తల తిరగడం, వికారం, చెమటలు మొదలైనప్పుడు ఆ మనిషి నేల మీద కాక నిచ్చెన మీద ఉంటాడు.

ఎఫ్.ఎం. తరంగాల విషయం మరీ జాగ్రత్తగా వినాలి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు, అందులో సగం ఒకటిన్నర మీటరు. దాదాపు మనిషి ఎత్తు. అందుచేత ఆ పరిధిలో మన ఒళ్లే ఒక యాంటెన్నాలా తరంగాలను పీల్చుకుంటుంది. అంతర్జాతీయ భద్రతా పరిమితులు అన్నిటికన్నా కఠినంగా ఉన్నది కూడా 30 నుంచి 400 మెగాహెర్ట్జ్ మధ్యనే. మామూలు ప్రజలకు చదరపు మీటరుకు 2 వాట్లు, శిక్షణ పొందిన పనివారికి 10 వాట్లు. వేలాది వాట్లు చిమ్మే ఎఫ్.ఎం. యాంటెన్నాకు చేతి దూరంలో ఈ లెక్క ఎన్నో రెట్లు దాటిపోతుంది. చాలా టవర్లలో ఎఫ్.ఎం. యాంటెన్నాలు పక్కగా బిగించి ఉంటాయి, నిచ్చెన వాటి పక్కనుంచే పోతుంది. వేడిని తొందరగా బయటికి పంపలేని కంటి కటకం, మగవారి వృషణాలు ముందుగా దెబ్బతినే అవయవాలు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారైతే ఆ దరిదాపులకే పోకూడదు.

మీడియం వేవ్ రేడియో స్తంభాల కథ వేరు. టీవీ టవర్‌లో యాంటెన్నా పైన ఉంటుంది, మీడియం వేవ్‌లో సాధారణంగా స్తంభమంతా యాంటెన్నాయే. అడుగున పెద్ద పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబెట్టి, మొత్తం ఇనుముకు కరెంటు ఎక్కిస్తారు. నేల మీద నిలబడి ముట్టుకుంటే ఒంట్లోంచి భూమిలోకి దారి దొరుకుతుంది. దానికి ఆనుకుని లాగిన స్టే వైర్లలో కూడా కరెంటు నిలిచి ఉండవచ్చు. "తీగ మీద పిట్ట వాలితే ఏమీ కాదుగా సిస్టర్?" అని అదే బాబు అడిగాడు, తెలివైనవాడే. పిట్ట భూమిని తాకదు, రెండో తీగనూ తాకదు. మనిషి ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి ఇనుము మీద పెట్టిన క్షణంలో ఆ తేడా పోతుంది. ఇలా తగిలిన మంట చూడడానికి బియ్యపు గింజంత తెల్లని మచ్చ, లోపల మాత్రం లోతుగా ఉడికిపోయి ఉంటుంది. మానడానికి వారాలు పడుతుంది. దానికన్నా పెద్ద ముప్పు, ఉలిక్కిపడి చెయ్యి వదిలేయడం.

మరి మనకెందుకు ఈ సంగతులన్నీ అంటారేమో. మన పిల్లలు పారాచూట్లు కొనుక్కోరు, నిజమే. కానీ డిమాండ్ తీరేదాకా దిగనని సెల్ టవర్ ఎక్కినవారిని మన జిల్లాల్లో చూడని మండలం తక్కువ. పందెం కాసి, ఫోటో కోసం హైటెన్షన్ టవర్ ఎక్కే కుర్రవాళ్లూ ఉన్నారు.

పది పన్నెండేళ్ల కిందట అలాంటి అబ్బాయినొకడిని స్నేహితులు మోటారు సైకిల్ మీద మన ఆసుపత్రికి తెచ్చారు. పద్దెనిమిదేళ్లు ఉంటాయి. తీగను తాకనేలేదని ఒట్టు పెట్టాడు. అది అబద్ధం కాకపోవచ్చు, ఎందుకంటే లక్షకు పైబడిన వోల్టుల దగ్గర గాలిలోనే కరెంటు దూకుతుంది. కుడి అరచేతిలో పావలా బిళ్లంత నల్లటి గుంట, ఎడమ మడమ దగ్గర అలాంటిదే ఇంకొకటి. మాట్లాడుతున్నాడు, టీ అడిగాడు. మేము గాయాలు కడిగి కట్టు కట్టాము, ఉదయం డాక్టరుగారు చూశాక పంపించేద్దామనుకున్నాము. అది మా పొరపాటు. తెల్లవారుజామున యూరిన్ పాన్ తీయడానికి వెళ్లిన రెండో సంవత్సరం విద్యార్థిని పరుగున వచ్చి, "సిస్టర్, డికాక్షన్ లాగా ఉంది" అంది. కరెంటు ఎముక పక్కన కండలను వండేస్తుంది. ఆ చచ్చిన కండల రంగు పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను మూసేస్తుంది. వెంటనే సెలైన్ వేగం పెంచి, చెయ్యి బిగుసుకుపోతున్నదని గమనించి పెద్ద ఆసుపత్రికి తరలించాము. మూత్రపిండాలు దక్కాయి. చెయ్యి మోచేతి కింద వరకు తీసేయవలసి వచ్చింది. ఆ విద్యార్థిని ఇప్పుడు వేరే ఊళ్లో వార్డు సిస్టర్. ఆనాటి నుంచి మా క్యాజువాలిటీలో కరెంటు గాయమంటే, అది ఎంత చిన్నదైనా ఇ.సి.జి. తీస్తాము, మూత్రం రంగు గంట గంటకూ రాస్తాము.

ఇక పాఠకులకు పనికొచ్చే మాట. ఇంట్లో 230 వోల్టుల షాక్ అయితే మెయిన్ ఆపి, కుదరకపోతే ఎండు కర్రతో తప్పించవచ్చు. హైటెన్షన్ దగ్గర ఎండు కర్ర కూడా పనికిరాదు. పారాచూట్ గానీ గాలిపటం గానీ తీగల్లో చిక్కి మనిషి వేలాడుతున్నా నిచ్చెన వేయకండి, కాళ్లు పట్టి లాగకండి. 10 మీటర్ల దూరంలో ఆగి 1912కు, లేదా సబ్ స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు తీయించండి, 108కి చెప్పండి. తెగిన తీగ నేల మీద ఉంటే పెద్ద అంగలు వేయవద్దు, రెండు పాదాలు దగ్గరగా పెట్టి జరుపుకుంటూ వెనక్కి రండి. కరెంటు తీశారని రూఢి అయ్యాక, ఊపిరి లేకపోతే రొమ్ము నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ ఉండాలి. పడిపోయినవారిని చేతులూ కాళ్లూ పట్టి మడిచి ఎత్తకండి, వెన్నుపూస విరిగి ఉంటే అక్కడే నడుము కింద స్పర్శ పోతుంది. కాలినచోట 20 నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి. టూత్‌పేస్టు, సిరా, పేడ పూయకండి.

కూడిక అయ్యాక ఇద్దరు తల్లులు వచ్చి, తమ డాబా పక్కన సెల్ టవర్ ఉన్నదని, క్యాన్సర్ వస్తుందా అని అడిగారు. సెల్ టవర్ యాంటెన్నా నుంచి వచ్చేది పదుల వాట్లే. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు అవుతుంది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను, క్యాన్సర్‌కు కారణం కావచ్చునేమో అన్న వర్గంలో పెట్టింది, అదీ ముఖ్యంగా చెవికి ఆనించుకునే ఫోను గురించి. 2012 సెప్టెంబరు 1 నుంచి మన ప్రభుత్వం సెల్ టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. కాబట్టి కింద నివసించేవారు భయపడేదానికన్నా, పైకి ఎక్కే కుర్రవాడు భయపడవలసింది ఎక్కువ. యాంటెన్నా ముఖానికి ఎదురుగా రెండు మూడు మీటర్లలో నిలబడేది వాడే. కింద క్యాబిన్‌లో త్రీఫేజ్ కరెంటు, పైన తేనెపట్లు, ఉరుములు మొదలైతే పిడుగు. తాటిచెట్టు మీద పిడుగు పడడం చూసిన ఊరివారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

మీ ఊళ్లో ఎవరైనా టవర్ ఎక్కి దిగివస్తే, కేకలు వేయడం, పోలీసులకు అప్పగించడం తరువాత చూసుకోవచ్చు. ముందు చొక్కా, చెప్పులు విప్పించి అరచేతులు, అరికాళ్లు చూడండి. ఎక్కడైనా చిన్న మచ్చ కనబడితే, లేదా ఒళ్లు కాలుతున్నది, కళ్లు మసకలు అంటే, ఏ టవర్ ఎక్కాడో కాగితం మీద రాసి క్యాజువాలిటీకి తీసుకురండి. రేడియోదో, టీవీదో, సెల్‌దో, హైటెన్షన్‌దో తెలిస్తే మాకు సగం పని సులువవుతుంది. రాత్రయినా డ్యూటీ సిస్టర్ ఉంటారు.